డ్యూటీకి పోయే మనిషికి

ఫిబ్రవరి 7

ఈ రోజుతో బడికి సెలవు. హెడ్మాస్టరు పూలదండ ఒక్కటి తప్ప అన్ని మర్యాదలూ చేసి పంపాడు. ఐదో తరగతి పిల్లలు ఏడ్చారు. లెక్కల టీచర్ పోతోందని కొందరు లోలోపల సంతోషించారు కూడా, మొహాల్లో తెలిసింది. కొత్త సంవత్సరానికి బడిలో ఇచ్చిన ఈ డైరీ ఇన్నాళ్లూ బీరువాలో పడి ఉంది. ఇంట్లో కూర్చుని ఏం చేస్తాను, రాసుకుంటాను.

నాకు మూడు నెలలు నిండాయి. మెట్లెక్కితే ఆయాసం వస్తోంది. కడుపుతో ఉన్న అందరికీ వస్తుందని ఎదురు క్వార్టర్ రాజకుమారి అక్క చెప్పింది. ఇద్దరు పిల్లల తల్లి, ఆమెకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది. ఆమె గుండెలో వాల్వు నాకున్నట్టు ఇరుకుగా లేదు. ఆ సంగతి నేనూ గుర్తు చేయలేదు.

ఫిబ్రవరి 12

ఇంజెక్షన్ రోజు. చిన్నప్పుడు రామకృష్ణాపూర్‌లో కీళ్ల జ్వరం వచ్చి అది గుండె మీదికి పోయినప్పటి నుంచి మూడు వారాలకోసారి ఈ సూది తప్పదు. పెళ్లిచూపుల్లో మా నాన్న ఈ విషయం నీళ్లు నములుతూ చెబుతుంటే ఉపేందర్ మధ్యలోనే అందుకుని, "సూదే గద మామా, నేను తీస్కపోత" అన్నాడు. ఆ ఒక్క మాటకే నేను ఒప్పుకున్నాను. ఇప్పటికీ ఏ షిఫ్టులో ఉన్నా తానే తీసుకుపోతాడు.

సూది వేసిన సిస్టర్ నా నాడి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. ఆయన బయట బండి దగ్గరున్నాడు. "కరీంనగర్ల గుండె డాక్టర్‌కు ఒక్కసారి చూపెట్టుకో యమునా, ఆలస్యం చెయ్యకు" అంది. ఇంటికొస్తుంటే ఏమన్నదని ఆయన అడిగాడు. అంతా బాగుందన్నదని చెప్పాను. రేపు తెల్లారి డ్యూటీ ఉంది ఆయనకు.

ఫిబ్రవరి 20

మా ఇంట్లో ఒక పద్ధతి. డ్యూటీకి పోయే మనిషికి మనసు కలతపెట్టే మాట చెప్పకూడదు. జీలకర్ర అయిపోయిందని కూడా గడప దగ్గర అనకూడదు. ఈ గని కాలనీలో చాలా ఇళ్లలో ఉన్నదే. మా అత్త మల్లక్క దగ్గర మాత్రం ఇది వ్రతంలా నడుస్తుంది.

ఉపేందర్ చిన్నప్పుడు ఒకరోజు అతనికి జ్వరం కాలిపోతుంటే అత్త ఇంటి గేటు దాకా వెంటపడి పోయి, "పిలగాడు కండ్లు తెరుస్తలేడు, జల్ది రా" అని మామకు చెప్పిందట. ఆ రోజే బాయిలో, అంటే గనిలో, బొగ్గు మోసే టబ్బు మామ కాలు మీదికి వచ్చింది. పిల్లవాడి జ్వరం సాయంత్రానికి తగ్గిపోయింది. కాలు మాత్రం పోయింది. ఆయన ఉద్యోగమే తర్వాత కొడుక్కి వచ్చింది. నర్సింగం మామ పోయి ఐదేళ్లవుతున్నా అత్త ఇప్పటికీ "నా నోరే తిన్నది" అంటుంది. కాదని ఎవరూ చెప్పినట్టు లేరు. నేనూ చెప్పలేదు.

ఆమె అన్నదాంట్లో తప్పేం లేదు. ఉపేందర్ చేసేది రూఫ్ సపోర్ట్ పని. బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా బోల్టులు కొట్టాలి, అంటే ఇంకా ఏ ఆధారమూ లేని కప్పు కింద నిలబడాలి. అక్కడ చెవులూ కళ్లూ పని మీద ఉండాలి కానీ ఇంటి మీద కాదు.

మార్చి 3

కరీంనగర్ పోయి వచ్చాం, నేనూ అత్తా. నెల నెలా చేసే చెకప్ అని ఉపేందర్‌కు చెప్పాం. అబద్ధమేం కాదు.

గుండె డాక్టర్ ఆడమనిషి, రమామణి గారు. ఎక్కడి నుంచమ్మా అంటే గోదావరిఖని అన్నాను. "మాది మంథని. పక్కపక్కనే మనం" అని నవ్వింది. దాంతోనే సగం రోగం తగ్గినట్టు అత్త కుర్చీలో వెనక్కి వాలి కూర్చుంది.

ఛాతీ మీద చల్లగా జిగురు రాసి, తెర మీద నా గుండెను చూపించింది. ఏమంత అందంగా లేదు. చేపపిల్ల నోరు తెరుస్తూ మూస్తూ ఉన్నట్టుంది.

"ఇది తలుపు అనుకో యమునా. సగం కూడా తెరుచుకోవట్లేదు. కడుపుతో ఉన్నప్పుడు ఒంట్లో రక్తం పెరుగుతుంది, తలుపు పెరగదు కదా. లోపలికి పోవాల్సిన రక్తం వెనక ఊపిరితిత్తుల్లోనే ఆగిపోతుంది. నీ ఆయాసం అదే."

"అందరికీ వస్తదన్నరు మేడం."

"అందరికీ వచ్చేది వేరు. ఇది వేరు."

ఆ తర్వాత ఆమె నవ్వలేదు. తొడ దగ్గరి రక్తనాళం లోంచి సన్నటి గొట్టం పంపి, దాని చివర బెలూన్ ఉబ్బించి ఆ తలుపును తెరుస్తారట. హైదరాబాద్‌లో చేస్తారు. ఐదో నెల నిండాక, ఆరో నెల దాటకుండా చేయించుకుంటే బిడ్డకూ నాకూ మంచిది. అప్పటిదాకా గుండె వేగం తగ్గించే మాత్ర ఒకటి, ఒంట్లో నీరు తీసేసే మాత్ర ఒకటి. ఉప్పు తగ్గించాలి, బరువులు ఎత్తొద్దు. నాన్చితే ఇద్దరి ప్రాణాలకూ ముప్పే అని నా కళ్లలోకి చూస్తూ చెప్పింది.

"కంపెనీ ఆసుపత్రి నుంచి రెఫరల్ కాగితం మీ ఆయన పేరు మీదే రావాలి కదా. ఆయన ఏడి, రాలేదేం?"

నేను నోరు తెరిచేలోపే అత్త అంది. "మావోడు బాయిల పన్జేస్తడు డాక్టరమ్మా. డ్యూటీకి పోయేటోనికి గిసొంటియి చెప్పం."

"డ్యూటీ లేని రోజు చెప్పండి మరి."

అత్తా నేనూ మొహమొహాలు చూసుకున్నాం. అంత తేలిక మాట మాకిద్దరికీ తట్టనే లేదు. బస్సులో అత్త ద్రాక్షపళ్లు కొని నా ఒళ్లో పెట్టి, "ఆదివారం నిమ్మళంగ కూసోవెట్టి చెప్దాం బిడ్డా" అంది.

మార్చి 8

ఆదివారం సెలవును ఇక్కడ ప్లే డే అంటారు. ఆడుకునేది ఎవరో నాకు తెలియదు. మనుషులు తక్కువున్నారని ఉపేందర్ ఈ రోజు కూడా డ్యూటీకి పోయాడు.

వచ్చే ఆదివారం చెబుతాం.

మార్చి 15

చెప్పలేదు. ఈ రోజు సెలవే. మధ్యాహ్నం భోజనాల దగ్గర అత్త గొంతు సవరించుకుంది. నేను గిన్నె కింద పెట్టాను. అప్పుడే ఆయన, "రేపటి సంది కొత్త జాగల పని. రూఫ్ మంచిగ లేదట, జర చూసి చెయ్యాలె" అన్నాడు. అత్త మంచినీళ్లు తాగి లేచిపోయింది.

పప్పులో ఉప్పు లేదన్నాడు. నాకోసం వేరే వండుకోవడం బద్ధకమై అందరికీ ఒకటే వండుతున్నాను. ఇదివరకైతే, "నాలుక బాయిల పెట్టొచ్చినవా" అని ఒకటి అంటించేదాన్ని. "సరే బావా, రేపు ఎక్కువేస్త" అన్నాను. ముద్ద చేత్తో పట్టుకుని నన్నే చూశాడు. నేను చక్కగా నవ్వాను.

నాకు ఇంత మంచి పెళ్లాంగా ఉండటం వచ్చని ఇన్నాళ్లూ తెలియదు.

మార్చి 21

మధ్యాహ్నం పైనుంచే బొగ్గు తవ్వే ఓపెన్ కాస్ట్ గనిలో బ్లాస్టింగ్ జరిగితే వంటింట్లో గిన్నెలు గలగలమంటాయి. ఈ రోజు కడుపులో అదిరింది, బ్లాస్టింగ్ అనుకున్నాను. గిన్నెలు కదల్లేదు. ఇంకోసారి అదిరింది. అప్పుడు అర్థమైంది.

అత్తను కేకేశాను. ఆమె చెయ్యి పెట్టి, ఏమీ తెలియకపోయినా, "అవు, అవు" అంది. ఇద్దరం నవ్వాం. నవ్వితే దగ్గు వచ్చింది, చాలాసేపు ఆగలేదు. అత్త నవ్వు ఆపేసి నా వీపు నిమురుతూ కూర్చుంది.

మార్చి 27

ఉపేందర్ చొక్కా కాలర్ సగానికి చిరిగి ఉంది. భుజం మీద గీరుకుపోయింది. ఏమైందంటే, "ఏం లేదు, దేనికో తట్టుకున్నది" అన్నాడు. కుట్టాను. తట్టుకుంటే కాలర్ వెనక్కి ఎట్లా చిరుగుతుందో! మగవాళ్లకు బట్టల మీద జాగ్రత్త ఉండదు.

ఈ మధ్య ఆయన కూడా పెద్దగా మాట్లాడటం లేదు. ఎండలు కదా.

ఏప్రిల్ 2

నైట్ షిఫ్టు వారం. ఒకందుకు మేలే. పడుకుంటే ఊపిరాడటం లేదు, మూడు దిండ్లు పెట్టుకుని గోడకు ఆనుకుని కునుకు తీస్తున్నాను. ఆయన ఇంట్లో ఉంటే కనిపెట్టేవాడు. పగలు ఆయన నిద్రపోతాడు కాబట్టి ఇంట్లో మాటలుండవు. మిక్సీ కూడా వేయం. మాటల్లేని ఇంట్లో ఏదైనా దాచడం ఎంత సుఖమో.

రమామణి మేడం ఫోన్ చేసింది, తనే. "రెఫరల్ తీసుకున్నారా? ఐదో నెల నిండుతోంది కదమ్మా."

"ఈ వారం తీసుకుంటం మేడం."

"మీ ఆయనకు చెప్పావా?"

"చెప్పిన."

ఫోన్ పెట్టేశాక అత్త నా వైపు చూసింది. "నైట్ షిఫ్టు ఒడువనీ. నిద్ర లేని మనిషికి చెప్తే ఇంక ఆగమైతడు" అంది. నిజమే కదా. ఫస్ట్ షిఫ్టు అంటే పొద్దున్నే పోవాలి, చెప్పకూడదు. సెకండ్ షిఫ్టు అంటే పొద్దంతా పోయే ఆలోచనలోనే ఉంటాడు, చెప్పకూడదు. నైట్ షిఫ్టు అంటే నిద్ర ఉండదు, చెప్పకూడదు. పిల్లలకు ఇలాంటి లెక్క ఇస్తే జవాబు రాదని వాళ్లే చెప్పేవాళ్లు.

ఏప్రిల్ 9

ఆయాసం పెరిగింది. ఎండ ఎక్కువగా ఉంది. అందుకే.

ఏప్రిల్ 15

ఏరియా ఆసుపత్రి మంచం మీద రాస్తున్నాను. డైరీ రాజకుమారి అక్క తెచ్చిచ్చింది, తెరిచి చూడలేదని ఒట్టు కూడా పెట్టింది. చూసి ఉంటుంది. చూడనీ.

మొన్న పొద్దున ఆయన ఫస్ట్ షిఫ్టుకు పోయాడు. బట్టలు ఆరేస్తున్నాను. తీగ మీద రెండో చీర వేస్తుంటే గాలి లోపలికి రావడం ఆగిపోయింది. ఆయాసం అనే మాట దానికి సరిపోదు. దగ్గితే నోట్లో నురగ వచ్చింది. చచ్చిపోతున్నాననుకున్నాను. భయపడ్డాను, చాలా భయపడ్డాను. బిడ్డ గుర్తు కూడా రాలేదు, గాలి ఒక్కటే గుర్తుంది. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది కానీ నిజం.

అత్త కేకలకు రాజకుమారి అక్క వచ్చి ఆటోలో నన్ను ఇక్కడికి తెచ్చింది. అత్త మాతో ఎక్కలేదు. ఇంకో ఆటో ఆపి బాయికి పోయింది. మామ కాలు పోయినప్పటి నుంచి ఆ వైపు రోడ్డు కూడా తొక్కని మనిషి. బాయి గేటు దగ్గర నిలబడి, "నా కొడుకును పైకి పిలువుండ్రి" అందట.

బాయిలో షిఫ్టు నడుమ ఒక మనిషిని పైకి పిలిచారంటే ఇంట్లో ఎవరో పోయారనే అర్థం. ఎందుకు పిలిచారో చెప్పరు. చెబితే ఆ మనిషి నడవలేడని చెప్పరు. ఇంట్లో మేం పాటించే పద్ధతే, కింద కూడా.

నాకు ఆక్సిజన్ పెట్టి, ఇంజెక్షన్ ఇచ్చి, ఊపిరి కాస్త తిరిగి వచ్చేసరికి ఆయన తలుపు దగ్గర ఉన్నాడు. మొహమంతా బొగ్గు. కన్నీళ్లు కారిన చోట చారలు. లోపలికి రాలేదు. గోడ పట్టుకుని అక్కడే కూలబడ్డాడు. సిస్టర్ నీళ్లిస్తే తాగలేదు. చాలాసేపటికి నా మంచం దగ్గరికి వచ్చాడు.

"పైకి నడిసినంత సేపు నువ్వు సచ్చిపోయినవనే అనుకున్న యమునా. ఎంట వచ్చిన మా జట్టు సదయ్య కాకను పోయింది ఎవరని అడిగితె తల దించుకున్నడు. నీకు ఏ చీర కట్టాల్నో కూడ సోంచాయించిన."

మాస్క్ తీసి చెప్పబోయాను. తియ్యనివ్వలేదు. అత్త పక్కన నిలబడి మొత్తం చెప్పేసింది. డాక్టర్ చెప్పింది, తలుపు, బెలూన్, ఆదివారాలు, అన్నీ. చివర, "డ్యూటీల నీ మనసు చెదురొద్దని చెప్పలే బిడ్డా" అంది.

ఆయన అరుస్తాడనుకున్నాను. అరవలేదు. చాలా మెల్లగా అన్నాడు.

"చెదరక ఏం జేసిందవ్వా? నెల రోజుల సంది ఇది నాతోని కొట్లాడలే. ఉప్పు లేదంటె సరే అంటది. ఆదివారం డ్యూటీ అంటె నవ్వుతది. దీనికేమో అయ్యింది, నా మీద మనసు ఇరిగిందా, పానం బాగలేదా అని బాయిల గదే ఫికర్. పోయిన నెల రూఫ్ చప్పుడు చేసింది. అందరికి ఇనవడ్డది, నాకు ఇనవడలే. సదయ్య కాక గల్ల వట్టి ఎనుకకు గుంజిండు. నేను నిలవడ్డ కాడనే పడ్డది బండ."

ఆ కాలర్ నేనే కుట్టాను. సన్న కుట్టు, బాగా కుదిరిందని మురిసిపోయాను కూడా.

అత్త మంచం కాళ్ల వైపు కూర్చుని నా పాదాలు పట్టుకుంది. ఎవరితోనో తెలియదు, "మరి ఆయన కాలు?" అంది.

"టబ్బు గొలుసు తెగింది అవ్వా. బాపే చెప్పిండు నాకు. నీ మాటకు కాదు, గొలుసు తెగి వచ్చింది" అన్నాడు ఉపేందర్.

"నాకెందుకు చెప్పలే?"

"నువ్వు బాధపడ్తవని ఆ ముచ్చటే తియ్యొద్దన్నడు."

అత్త ఏడ్చింది. ఈ ఇంటికి వచ్చాక ఆమె ఏడవడం నేను చూడటం ఇదే మొదలు. మామ పోయినప్పుడు కూడా చూడలేదు.

ఏప్రిల్ 16

రెఫరల్ వచ్చింది. ఆయన ఒక్క పూటలో తెచ్చాడు. రేపు హైదరాబాద్. రమామణి మేడం అక్కడి డాక్టర్‌తో మాట్లాడింది. నాతో ఫోన్‌లో ఒక్క మాటే అంది. "చెప్పిన అన్నావు కదమ్మా." ఆమె తిట్టలేదు.

ఏప్రిల్ 21

నిన్న చేశారు. మెలకువగానే ఉన్నాను. బిడ్డకు ఎక్స్‌రే తగలకుండా నడుం చుట్టూ బరువైన సీసపు గుడ్డ కప్పారు. తొడ దగ్గర మత్తు సూది. తర్వాత తెర మీద సన్నటి తీగ నా గుండెలోకి పోవడం నేనే చూశాను. "ఇప్పుడు కొంచెం గుండె దడదడలాడుతుంది, భయపడకండి" అన్నారు. దడదడలాడింది. భయపడ్డాను.

తర్వాత వెల్లకిలా పడుకున్నాను. దిండు ఒక్కటే. గాలి వచ్చింది. ఎవరూ తోయకుండా, నేను లాగకుండా దానంతటదే వచ్చి, పోయి, మళ్లీ వచ్చింది. ఇంత సులువా అనిపించింది. అందరూ రోజూ ఇలాగే పీలుస్తున్నారా!

బిడ్డ గుండె చప్పుడు స్పీకర్‌లో వినిపించారు. ఉపేందర్ చెవి ఆ డబ్బాకు ఆనించి, నర్సు చాలన్నా కదల్లేదు.

మే 12

కరీంనగర్. తలుపు బాగానే తెరుచుకుంటోందట. పూర్తిగా కాదు, కానీ కాన్పుకు సరిపడా. కాన్పు మాత్రం పెద్దాసుపత్రిలోనే, గుండె డాక్టర్ ఉన్నచోటే. మాత్రలు, సూది జీవితాంతం.

రమామణి మేడం ఉపేందర్‌ను కుర్చీలో కూర్చోబెట్టి తెర మీద అంతా చూపించింది. "చేపపిల్ల లెక్క ఉన్నది" అన్నాడు. నేను ఆయనకు ఆ మాట ఎప్పుడూ చెప్పలేదు.

మే 30

కొత్త పద్ధతి. డ్యూటీకి పోయే ముందు ఆయన గడప మీద కూర్చుని బూట్ల లేసులు కడుతూ అడుగుతాడు, నేను చెప్పాలి. నిద్ర పట్టిందా, ఆయాసం ఉందా, భయమేసిందా. అంతా చెప్పాక, "ఇంకేం దాస్తలేవు గద?" అంటాడు. "మీ అవ్వ నిన్న నా చెప్పులు తొక్కి తెంపింది" అంటాను. అప్పుడు లేచి పోతాడు.

అత్త ఈ మాటలు వినదు. మేం మొదలుపెట్టగానే వంటింట్లోకి పోయి గిన్నెలు చప్పుడు చేస్తుంది. గొలుసు తెగిందని విన్నా, ఇన్నేళ్ల అలవాటు ఒక్క మాటతో పోతుందా?

జూన్ 9

వానలు మొదలయ్యాయి. ఎనిమిదో నెల. పొద్దున లేచేసరికి కాళ్లు కొంచెం వాచాయి. ఆయనకు చెప్పేలోపే బస్సు వచ్చే వేళయిందని లేచాడు, వాన వల్ల ఆలస్యమైంది. పోనీలే, సాయంత్రం చెబుదామనుకున్నాను. పాత బుద్ధి ఎక్కడికి పోతుంది.

ఆయన గేటు తీస్తున్నాడు. వంటింట్లోంచి అత్త వచ్చింది. నెత్తిన కొంగు కప్పుకుని వానలోకి దిగి, గేటు దాకా పోయింది.

"కొడుకా, యమున కాళ్లు వాసినయి. చూసి పో."

ఆయన ఆగాడు. వెనక్కి వచ్చి నా పాదం మీద వేలితో నొక్కి చూశాడు. డాక్టర్‌కు ఫోన్ చేయమన్నాడు, సాయంత్రం తానే తీసుకుపోతానన్నాడు. తర్వాత తల్లి భుజం మీద చెయ్యి వేసి, "మంచిగ చెప్పినవ్ అవ్వా" అని పోయాడు.

ఫోన్ చేశాను. నీటి మాత్ర ఇంకో సగం వేసుకోమంది మేడం, భయం లేదంది. అత్తకు చెప్పాను. తల ఊపింది కానీ ఆమె మనసు ఇక్కడ లేదు. రోజంతా గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంది. అన్నానికి పిలిస్తే రాలేదు, పళ్లెం తీసుకుపోయి ఇస్తే అక్కడే తింది. వాన ఆగింది, మళ్లీ పడింది. మధ్యాహ్నం బ్లాస్టింగ్‌కు గిన్నెలు గలగలమంటే లేచి నిలబడింది, మళ్లీ కూర్చుంది. నేనూ పక్కన పీట వేసుకున్నాను.

షిఫ్టు బస్సు వచ్చింది. ఒక్కొక్కరే దిగుతున్నారు. ఉపేందర్ చివర్న దిగాడు, రెండు కాళ్ల మీద నడిచి మలుపు తిరిగాడు. అత్త కుర్చీ మడిచి చంకన పెట్టుకుని, ఏమీ జరగనట్టు నా వైపు తిరిగింది.

"వచ్చిండు. చాయ్ పెట్టు పో."

పెట్టాను. చక్కెర ఎక్కువైందన్నాడు. తాగితే తాగు, లేకపోతే లేదు అన్నాను. అత్త నవ్వింది.